వేడి బుగ్గ ఫైలు

ఫైలు తెగకపోతే చేత్తో బుగ్గ పట్టుకుని కూర్చోవడం నాంపల్లి ఆఫీసులో మా హెడ్‌క్లర్కుగారి అలవాటు. ఒకసారి అబిడ్స్ సేటొకాయన అర్జీ తెచ్చాడు. సర్కారు భూమిలోని వేడి బుగ్గను లీజుకిస్తే ఆవిరితో కరెంటు తీస్తాడట. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నేను పక్కున నవ్వాను.

"బుగ్గంటే చెంప కాదు బేటా, ఊట. గాడ నీళ్లు మసులుకుంట పైకొస్తయి," అన్నారాయన.

గనుల చట్టం తిరగేశారు. ఆవిరి ఖనిజం కాదు. నీటిపారుదల చట్టం తిరగేశారు. ఆవిరి నీరూ కాదు.

"గీ ఆవిరికి చట్టంల ఖానానే లేదు, ఏ గడిల రాయాలె? జర ఆగుండ్రి సేటూ," అని బుగ్గ పట్టుకున్నారు.

రిటైరయ్యేదాకా వదల్లేదు. వెళ్లే రోజు ఫైలు నా బల్లమీద పెట్టి, "ఇగ నీదే," అన్నారు. అప్పుడే సేటు గుమ్మంలోకి వచ్చాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి బుగ్గమీదికి పోయింది.

వేడిగానే ఉంది.