అవ్వ ఉడకబెట్టిన దోమతెర

నిన్న ఆత్మకూరులో దోమతెరలు పంచుతున్నారంటే నేనూ పోయి వరుసలో నిలబడ్డాను. ముందున్నామె ప్యాకెట్ చింపగానే పురుగుమందుకూ కొత్త ప్లాస్టిక్‌కూ నడుమ ఉండే ఆ కంపు గుప్పున కొట్టింది. ఆ కంపు నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచీ తెలుసు.

మాది రాజోలి, మగ్గం నేసే ఇల్లు. వానాకాలమంతా మగ్గం గుంతలో నీళ్లు ఊరేవి, నాయిన ఆ చెమ్మలోనే కాళ్లు పెట్టుకుని చీర నేసేవాడు, మేము ఆ పక్కనే గచ్చకాయలు ఆడుకుంటూ తెగిన పట్టుపోగులు ఏరి బొమ్మలకు జడలల్లేవాళ్లం. అవ్వ, అంటే నాయినమ్మ, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగలో సోడా, సబ్బు వేసి పట్టునూలు ఉడికించేది; జిగురు వదులుతుంటే ఒక నీచువాసన ఇల్లంతా పట్టేది, పండగనాడు భక్షాలు తిన్నా అదే వాసన. పొద్దుగూకితే గుంతలోంచి దోమలు గుంపులుగా లేచేవి.

అట్లాంటి ఒక వానాకాలంలో జీపులో ఒక సారు వచ్చాడు. రెండు నెలల నా చెల్లెను ఎత్తుకున్న అమ్మ చేతిలో దోమతెర పెట్టి, ఫొటో తీయించుకుని, "మూడేండ్ల దాక ఢోకా లేదు" అని జీపెక్కాడు. థూ! ఫొటోకు నవ్వడానికి తీరిక దొరికిందిగానీ, ఇంకొక్క మాట చెప్పడానికి ఆ నోరు పెగల్లేదు. ప్యాకెట్‌లో ఒక కాగితముంది, ఇంగ్లీషులో. మా ఇంట్లో తెలుగే కూడబలుక్కుని చదివేవాళ్లం.

అవ్వ తెరను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ, ఏం కంపే ఇది! పసిపిల్ల దీని కింద ఎట్ల పండుతదే?" అంది. వేలితో నలిపి చూసి, "జిగురున్నది. జిగురు పోతెనే బట్ట బట్టయితది," అని తీర్పు చెప్పేసింది. పుట్టినప్పటి నుంచీ పట్టు ఉడికించిన చెయ్యి అది, కాదనేవాళ్లెవరు? సోడా వేసి బుడబుడ ఉడికించి, బండకు బాది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసింది. గుండిగలో కట్టెపెట్టి తిప్పింది నేనే. మల్లెపువ్వులా తెల్లగా వచ్చిందని వాడకట్టంతా చెప్పుకొచ్చిందీ నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆ తర్వాత వారానికోసారి అదే ఉడుకు, అదే బాదుడు. మంచం కోడు తగిలి ఎక్కడన్నా చిరిగితే అవ్వ సన్నని పట్టుపోగుతో ఎంత ఒద్దికగా అల్లేదంటే, వెతికినా అతుకు కనబడేది కాదు. ఇరుకు మంచం మీద అమ్మ మోచెయ్యీ చెల్లె చిట్టిపాదాలూ తెరకు ఆనుకునేవి, ఆనిన చోటల్లా పొద్దున్నే దోమలు కుట్టిన దద్దుర్లు. ముందు అమ్మకు చలిజ్వరం వచ్చింది, మూడోనాటికి చెల్లెకు.

గద్వాల దవాఖానలో డాక్టరు, "ఇంట్ల దోమతెర లేదా?" అని అడిగితే అవ్వ గొప్పగానే చెప్పింది: "ఉన్నది సారూ. ఒక్క బొక్క లేదు. సోడాల ఉడకబెట్టి కంపంత పోగొట్టిన."

ఆయన తల పట్టుకున్నాడు. "గా కంపే మందమ్మా. చల్లనీళ్లల్ల జాడించి నీడకు ఆరేయాలె. మీకెవరు చెప్పలేదా?"

"ఎవరు చెప్పిండ్రు సారూ?" అంది అవ్వ. ఆ గొంతు అంత చిన్నగా నేనెన్నడూ వినలేదు. అమ్మ ఒక్కతే కోలుకుని ఇంటికొచ్చింది. అవ్వ మళ్లీ ఆ గుండిగ పొయ్యి మీద పెట్టలేదు, పట్టునూలు ఉడికించి పెట్టమని బయటివాళ్లకిచ్చేవాళ్లం.

నిన్న ఆత్మకూరులో తెరలు పంచే అతను కూడా "మూడేండ్లు ఫికర్ లేదు" అంటూ ఫొటోలకు నిలబడ్డాడు. "ఉతుకుడెట్లనో చెప్పవా?" అని అడిగితే, "లోపల కాయితముంటది, సదువుకోర్రి," అన్నాడు. విప్పి చూస్తే ఇంగ్లీషే. ఇన్నేళ్లయినా సిగ్గు లేదు వీళ్లకు! నా వెనకున్న ముసలామె ముక్కు మూసుకుని, "ఒక్కసారి ఉడుకునీళ్లల్ల ముంచితె పోతది తియ్," అంటుంటే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వద్దవ్వా, కంపుండనీ!" అని అరిచాను. అందరూ నావైపే చూశారు.

రాజోలిలో మా ఇంట్లో మగ్గం లేదు ఇప్పుడు, గుంత పూడ్చి గచ్చు చేశారు. అవ్వా పోయింది. ఆ తెర నా పెట్టెలో ఉంది. రాత్రి తీసి చూశాను: ఒక్క చిరుగు లేదు, మల్లెపువ్వులా తెల్లగా ఉంది, ముక్కుకు ఆనించుకుంటే ఏ వాసనా లేదు.