కొలాపో ఎడమ కన్ను

పెద్దల కాళ్ల ముందు సాగిలపడి, తల పక్కకి తిప్పి, కెమెరాకేసి కన్ను గీటడం. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో హాస్యనటుడు కొలాపోకి అన్నం పెట్టింది ఆ ఒక్క వెకిలి చేష్టే. ఇబాదాన్ నగరం బజారులో కూరలమ్మేవాళ్లు కూడా అతన్ని చూసి కన్ను గీటేవాళ్లు.

ఈసారి వేషం వేరు. దారి తప్పిన కొడుకు దేవుడి దగ్గరికి తిరిగొచ్చి తల్లి కాళ్ల మీద పడే మెత్తటి కథ. తల్లి వేషానికి షూటింగ్ జరుగుతున్న చర్చిలోనే పాటలు పాడే ముసలమ్మ ఇయా మొరెనికెను కూర్చోబెట్టారు. ఆవిడకు నటన తెలీదు.

"నవ్వించావో, చంపేస్తా," అన్నాడు దర్శకుడు.

"నేను మారాను సార్," అన్నాడు కొలాపో. నిజంగానే మారాననుకున్నాడు.

సాగిలపడ్డాడు. ముసలమ్మ చెయ్యి అతని తల మీద ఆనించి, రాసిచ్చిన మాటలు వదిలేసి, "నా తండ్రీ, నీ తప్పులన్నీ ఆ దేవుడు కడిగెయ్యాలి, నీ బతుకు చల్లగుండాలి," అంటూ కన్నీళ్లు పెట్టుకుంది. కొలాపోకి నిజంగానే ఏడుపొచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఆ దిక్కుమాలిన ఎడమ కన్ను, అలవాటు కొద్దీ, కెమెరాకేసి గీటేసింది.

చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ముసలమ్మకు అతని ముఖం కనపడలేదు. "ఏడ్చే బిడ్డను చూసి నవ్వుతారా? సిగ్గు లేదట్రా మీకు?" అని వాళ్లను కసిరి, దీవెన మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

కొలాపో తల ఎత్తలేదు.