కుండ కాడ మాట్లాడొద్దు

మా ఇంట్లో నాకున్న పేరు ఒకటే, నోటికి మూత లేని మనిషి. సిద్దిపేట బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున లేస్తే గిన్నెలకు మూతలు సరిచూసి ఇవ్వడమే మా పని. ఇంతమంది గిన్నెలకు మూతలు వెతికిపెట్టే నా బిడ్డకు సొంత నోటికి మాత్రం మూత దొరకలేదని మా అమ్మ వచ్చిపోయే గిరాకీలందరికీ చెబుతుంది. నాకు నలభై దాటినా ఆ మాట మానలేదు.

మా తమ్ముడు ములుగులో ఇల్లు కట్టాడు. ఇల్లు కట్టి చూడు అన్నారు కదా, వాడు కట్టాడు, మేమంతా చూశాం. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించవలసింది ఆడబిడ్డ, అంటే నేను. ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొత్త చీర పెట్టాలి. నా మనసులో ముదురు ఆకుపచ్చ కంచిపట్టు చీర అప్పటికే మడత విప్పుకుని కూర్చుంది. ఫోన్లో దాని ఫోటో తమ్ముడికి పంపించాను, మరదలికి పంపించాను, వాళ్లు చూడలేదేమోనని మళ్లీ పంపించాను.

అమ్మ మాత్రం ఫోన్ వంక కూడా చూడలేదు.

"సిద్దిపేట పిల్ల కంచి చీర కట్టుకొని పాలు పొంగిస్తదా? పాలకుండ నెత్తిన వెట్టుకున్నామె మన ఊళ్లనే ఉండంగ గా ఊరామె ఎందుకే?"

మన ఊరామె అంటే గొల్లభామ. సిద్దిపేట నూలు చీర కొంగు మీద వరుసగా నడిచే మనిషి. నెత్తిన కుండ, చేతిలో గురిగి అనే చిన్న ముంత, నడుస్తుంటే ఊగే పరికిణీ. అచ్చుతో అద్దినది కాదు, సూదితో కుట్టినదీ కాదు. చీర నేస్తూ నేస్తూనే రంగు దారాలను వేళ్లతో ఇరికించి ఆమెను నిలబెడతారు. చిన్నప్పటి నుంచి మా అమ్మ ఒంటి మీద చూసిందే కాబట్టి నాకు అందులో గొప్ప కనిపించలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

మా దుకాణం వెనక గల్లీలో ఒక ముసలి నేతగాడు ఉండేవాడు. అమ్మ ఆయనను అన్నా అని పిలుస్తుంది, ఆయన అమ్మను చెల్లె అంటాడు. ఆ లెక్కన నాకు మామ. ఒకప్పుడు ఆ గల్లీలో ఇంటికో మగ్గం ఆడేదట. ఇప్పుడు ఆడేది మామ మగ్గం ఒక్కటే. అమ్మ చీర సంగతి అడగగానే ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"నేస్త చెల్లె. కానీ గిదే ఆఖరిది. కండ్లు సహకరిస్తలేవు. నీ బిడ్డ చీర కోసినంక మగ్గం బంద్. ఇన్నేండ్లల్ల నేను నేసిన చీర తప్పున్నదని ఒక్కరు వాపస్ తేలేదు. గా పేరుతోనే దిగిపోత."

చీర ఎంతవరకు వచ్చిందో రోజూ పోయి చూసిరమ్మని అమ్మ నన్ను పురమాయించింది. మొదటి నాలుగు రోజులు మొహం ముడుచుకుని పోయాను. ఐదో రోజు నుంచి మాట్లాడుకోవడానికి పోయాను. మామ మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు, దారం కండె పెట్టిన నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఉరికేది, నేను గడప మీద కూర్చుని ఊరి ముచ్చట్లన్నీ చెప్పేదాన్ని. ఆయన భార్యను నేను అత్తమ్మా అంటాను. ఆమె పక్కనే కండెలకు దారం చుడుతూ ఊ కొట్టేది. చీర ఒళ్లంతా ఇలాగే సాగిపోయింది. ఒళ్లు సాదా నేత కాబట్టి నా నోటి వల్ల దానికి ఏ నష్టమూ రాలేదు.

అసలు పని కొంగు దగ్గర మొదలైంది. రెండు వరుసలు, వరుసకు తొమ్మిది మంది భామలు. కాళ్లతో మొదలుపెట్టి పైకి నేసుకుంటూ పోవాలి. అమ్మ ఒకసారి వచ్చి, మామ నమూనాకు పెట్టుకున్న పాత చీర కొంగు మీది కుండను వంగి వంగి చూసింది. కుండలు, బిందెలు అమ్మి అమ్మి ఆమె కన్ను ఎక్కడికి పోయినా ముందు అక్కడికే పోతుంది.

"అన్నా, గిది కుండనా, చెంబా? మెడ గింత సన్నగుంటె పాలు ఎట్ల పోస్తది?"

"చెల్లె, గిది మీ దుకాన్ల సామాను కాదు. మా తాతల నాటి కుండ. దీనికి గ్యారంటీ కార్డు రాదు," అన్నాడు మామ.

వెళ్లేటప్పుడు అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి ఆ ఇంటి కట్టుబాటు చెప్పింది. భామ కాళ్లు నేసేటప్పుడు మాట్లాడొచ్చు, పరికిణీ దగ్గర నవ్వొచ్చు, మొహం వరకు కూడా ఫర్వాలేదు. కుండ కాడ మాత్రం మాట్లాడొద్దు.

"ఆడమనిషి నెత్తిన కుండ ఎత్తుకునేటప్పుడు నవ్విస్తె ఏమైతది? కింద పడ్తది. గిది గూడ గంతే బిడ్డా. మా అత్తగారి కాలం నుంచి గిదే పద్ధతి."

పద్ధతి అంటే మామూలు పద్ధతి కాదు. కుండ మొదలవుతుందనగానే మామ ఎడమ చెయ్యి పైకెత్తేవాడు. అత్తమ్మ టీవీ ఆపేసేది. సీరియల్లో కోడలు విషం కలిపిన పాలు అత్త చేతికి ఇస్తున్నా సరే, ఆపేసేది. పొయ్యి మీది కుక్కర్ విజిల్ వేస్తుందని దించి పెట్టేది. దాని వెనక పని సంగతి ఒకటి ఉందని తర్వాత తెలిసింది. ఒక్కో భామ కుండకు ఒక్కో పసుపు దారం కొత్తగా అందుకోవాలి. ఒకసారి అందుకుంటే అది అక్కడే వేలాడుతుంది, తర్వాత ప్రతి వరుసలోనూ చెయ్యి తనంతట తానే దాన్ని పట్టుకుంటుంది. దారం వేలాడని చోట చెయ్యి ఆగదు, దాటిపోతుంది.

మొదటి వరుస కుండలు ఎత్తిన రోజు నేను గల్లీ మొదట్లోనే మాట మొదలుపెట్టాను. అంత మంచి ముచ్చట కడుపులో పెట్టుకుని నడవడం నా వల్ల కాలేదు. మిరుదొడ్డి నుంచి ఒక పెద్దమనిషి మా దగ్గర గిన్నె కొన్నాడు. మూత పట్టడం లేదని బస్సెక్కి వచ్చాడు, మూత ఒక్కటే తెచ్చాడు. గిన్నె లేకుండా ఎలా చూసేదని పంపిస్తే, రెండోసారి గిన్నె ఒక్కటే తెచ్చాడు. మూడోసారి రెండూ తెచ్చాడు. నేను మూత పెట్టాను, టక్కున కూర్చుంది. ఆయనకు కోపం వచ్చింది. "మా ఇంట్ల పడ్తలేదు, మీ దుకాన్ల ఎట్ల పడ్తది? మీరేదో చేసిన్రు!" అని బజారంతా వినబడేటట్టు అరిచాడు.

ఇదంతా చెప్పుకుంటూ గడప దాటాను. టీవీ ఆపి ఉంది. అత్తమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని ఉంది. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు, ఎందుకంటే ముచ్చట సరిగ్గా చివరికి వచ్చింది. మిరుదొడ్డి పెద్దమనిషి గొంతుతో ఆఖరి మాట అన్నాను. మామ భుజాలు కదిలాయి. తర్వాత ఆయన పకపకా నవ్వాడు, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పని అందుకున్నాడు. ఒక మనిషిని అంతగా నవ్వించానని ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మర్నాడు అమ్మ, నేను కలిసి వెళ్లాం. మొదటి వరుస పూర్తయి, దాని మీద నాలుగు వేళ్ల సాదా నేత కూడా వచ్చేసింది. అమ్మ కన్ను ఎప్పటిలాగే ముందు కుండల మీదికి పోయింది. ఒకటి, రెండు అని వేలితో లెక్కపెడుతూ మూడో భామ దగ్గర ఆగింది.

"అన్నా, గీమె కుండ ఏది?"

మామ నవ్వుతూనే వంగాడు. చూపు ఆనలేదేమో, వేలితో తడిమాడు. రెండో భామ నెత్తి మీద దారం ఎత్తుగా తగిలింది, నాలుగో భామ నెత్తి మీద తగిలింది. మూడో భామ నెత్తి నున్నగా ఉంది. ఆయన వేలు అక్కడే ఉండిపోయింది. ఆ నున్నటి జాగా నా నోటి చలవేనని నాకు అప్పుడే అర్థమైంది.

"విప్పుత," అన్నాడు మామ.

విప్పడం అంటే ఆ ఒక్క భామ దగ్గర విప్పితే సరిపోదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నేసిన పోగులన్నీ ఒక్కొక్కటే వెనక్కి లాగాలి, తొమ్మిది మంది కుండలూ దించాలి. ఆ కళ్లతో వారం పని. గృహప్రవేశం ఇంకా ఎనిమిది రోజులుంది, రెండో వరుస మొదలే కాలేదు.

అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. దుకాణంలో బేరం తెగనప్పుడు ఆమె అలాగే నిలబడుతుంది.

"ఎందుకు విప్పుడు? గీ ఎనమండుగురు ఇంక అమ్మనీకి పోతున్నరు. గీమెకు బేరమైంది. పాలు అమ్ముకొని, కుండ గూడ అమ్ముకొని ఇంటికి వోతుంది. అదృష్టవంతురాలు!"

ఇంకెప్పుడైనా అయితే మామ పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"చెల్లె, నీ బేరం మాటలు నా కాడ వద్దు. గిది నా ఆఖరి చీర. నీ బిడ్డ కట్టుకొని నలుగురిల నిలవడితె ఏమంటరు? ముసలోనికి కండ్లు వోయినయి, కుండ వెట్టుడు మరిచిండు అంటరు. ఇన్నేండ్ల పేరు గా ఒక్క కుండల కలిసిపోతది. నేను ఇయ్య. పోయి కంచి చీర తెచ్చుకోన్రి."

నెల కింద ఆ మాట ఎవరైనా అని ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు కంచి చీర పేరు కూడా వినాలనిపించలేదు. తప్పు నాదే మామా, నేనే నవ్వించాను అని ఏడ్చేశాను.

"చెప్పినదానివి నువ్వు. నవ్వినోన్ని నేను," అన్నాడాయన. తిట్టినా బాగుండేది.

తర్వాత నేను ఆ ఇంటికి పోలేదు. మధ్యాహ్నం గిరాకీ తగ్గినప్పుడు గల్లీ మలుపు దాకా పోయి నిలబడేదాన్ని. మొదటి రోజు మగ్గం చప్పుడు లేదు. రెండో రోజూ లేదు. విప్పుతున్నాడో, పక్కన పెట్టేశాడో తెలియదు. మూడో రోజు నాడె చప్పుడు వినబడింది. లోపలికి పోయి చూసే ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. ఆ వారం నేను దుకాణంలో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ నా నుదురు పట్టుకుని జ్వరం చూసింది.

గృహప్రవేశానికి ముందురోజు అత్తమ్మ దుకాణానికి వచ్చింది. చంకలో పాత తువ్వాలలో చుట్టిన మూట. అమ్మ గల్లా మీది టిఫిన్ డబ్బాలు పక్కకు నెట్టి, మూట విప్పి కొత్త చీర కొంగు పరిచింది. నేను ముందు మూడో భామను వెతికాను. ఆమె అక్కడే ఉంది, నెత్తిన కుండ లేకుండా, చేతిలో గురిగి ఊపుకుంటూ. మామ విప్పలేదు.

అమ్మ వేలు పై వరుసకు పోయింది. అక్కడ కూడా మూడో భామ దగ్గరే ఆగింది. ఆమెకూ కుండ లేదు.

"గిదేంది వదినె? మల్ల మరిచిండా?" అంది అమ్మ మెల్లగా.

"మరువలే. రెండు దినాలు నాడె ముట్టకుంట చూసుకుంట కూసున్నడు. మూడోనాడు తెల్లారి లేచి షురూ చేసిండు. కుండ కాడికి రాంగనే పసుపు దారం చేతిల పట్టుకొని, నన్ను పిలిచి చూపిచ్చి, మల్ల పక్కకు వెట్టిండు. మీకు గిట్ల చెప్పుమన్నడు. ఒక్కటుంటె తప్పంటరు, రెండుంటె డిజైనంటరు. ఇంకోటి గూడ అన్నడు. బేరం చేసుకొని ఒక్కతి ఎట్ల వోతది, తోడు వంపిన అని."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఆ చీర కొంగుతోనే కళ్లు ఒత్తుకోబోయి, కొత్తదని గుర్తొచ్చి, తన కొంగు అందుకుంది.

ములుగులో పాలు పొంగించాను. పాలు పొంగింది ఎవరూ చూడలేదు, అందరూ నా కొంగే చూశారు. మరదలి తరఫు చుట్టాల్లో ఒకావిడ ఆ ఇద్దరినీ పట్టుకుని, "వీళ్లకు కుండలు లేవేంది?" అని అడిగింది. వాళ్లు అమ్ముకుని ఇంటికి పోతున్నారని చెప్పాను. సాయంత్రం కాకముందే ముగ్గురు ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. తమకూ సరిగ్గా అలాంటిదే కావాలట, ఇద్దరికి కుండలు లేకుండా. మామూలుది వద్దట.

ఈ ముచ్చట మామకు ఎప్పుడు చెబుతానా అని రాత్రంతా సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు సిద్దిపేటలో బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా గల్లీలోకి నడిచాను. గడప దాటబోతూ ఆగాను. టీవీ లేదు, కుక్కర్ చప్పుడు లేదు, లోపల ఒకటే నిశ్శబ్దం. కుండ దగ్గర ఉన్నాడేమో అనుకున్నాను. బుద్ధి వచ్చిన దాన్ని కదా, చప్పుడు చేయకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.

"ఎవరు, బిడ్డవేనా? ఆడనే నిలవడ్డవేంది?" అని లోపల నుంచి మామ పిలిచాడు.

తొంగి చూశాను. మగ్గం విప్పేశారు. కట్టెలన్నీ గోడకు చేరవేసి ఉన్నాయి, కాళ్లు పెట్టుకునే గుంట మీద పలకలు పరిచి ఉన్నాయి. ఆయన ఆ పలకల మీద కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మడుచుకుని కూర్చున్నాడు.

"కుండ కాడ ఉన్నవేమో అనుకున్న మామా," అన్నాను.

"లేదు బిడ్డా. రా, కూసో. ఇగ ఎంతన్న మాట్లాడు."

నా జన్మలో నన్ను మాట్లాడమని అడిగిన మనిషి ఆయన ఒక్కడే. తీరా అడిగితే నాకు ఒక్క మాట రాలేదు. చీర కావాలన్న ముగ్గురి సంగతి చెప్పలేదు, చెప్పలేకపోయాను. అత్తమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. అది తాగి, మిరుదొడ్డి పెద్దమనిషి మూత ముచ్చట మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన మొత్తం విని, నవ్వవలసిన చోట నవ్వాడు.