వినడమే వచ్చిన బూరుల్

బూరుల్ ఎదురుగా కూర్చుంటే రాయి కూడా నోరు విప్పుతుందని నరిన్ పట్టణంలో చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా చేస్తోంది. తన సంగతి ఎవరైనా అడిగితే మాత్రం ఎండా, మంచూ గురించి చెప్పి తప్పించుకునేది. అది తన నిగ్రహమని మురిసిపోయేది కూడా. అది నిగ్రహం కాదు, మొద్దుతనమని ఇస్సిక్‌కుల్ సరస్సుకు వెళ్ళాకే తెలిసింది.

ఆ సరస్సు ఒడ్డున కౌన్సెలర్లకు శిక్షణ పెట్టారు. 'నాకెందుకు, నేనే నలుగురికి నేర్పగలను' అనుకుంటూ వెళ్ళింది. తీరా చూస్తే పాఠాలు లేవు. గొర్రె ఉన్ని, వేడినీళ్ళు, సబ్బు, రెల్లు చాపలు ఉన్నాయి. శిక్షకురాలు జైనా అందరినీ ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, "చాప మీద ఉన్నిని పువ్వులా పరుస్తూ ఒకరు తమ గురించి చెప్పండి, రెండోవారు వినండి" అంది.

బూరుల్‌కు జతగా ఓష్ నగరం నుంచి వచ్చిన కనిమ్‌జాన్ దొరికింది. వయసులో చాలా చిన్నది.

"చెప్పమ్మా, వింటాను," అంది బూరుల్ తల ఓ పక్కకు వంచి.

"మీరే చెప్పండి ఎజే," అంది ఆ అమ్మాయి, వాళ్ళ వాడుకలో అక్కా అని. "నాకు వినడమే అలవాటు."

"మాట్లాడాలంటే ఎలా ఉంటుంది నీకు?"

"అదే మిమ్మల్ని అడుగుదామనుకున్నా."

"అడగాలని ఎందుకనిపించింది?"

"ఎందుకని మీరనుకుంటున్నారు?"

చుట్టూ జనం జీవితాలు చెప్పేసుకుంటుంటే వీళ్ళిద్దరూ ఉన్ని పరిచేసి ఒకరినొకరు దయగా చూసుకుంటూ కూర్చున్నారు. నీళ్ళు చల్లారిపోయాయి. జైనా వచ్చి, "ఇద్దరిలో వైద్యం ఎవరికి జరుగుతోంది? లేచి తన్నండి," అంది.

చాపలో చుట్టిన తడి ఉన్నిని కాళ్ళతో తన్ని దొర్లిస్తేనే అది బిగిసి కంబళిలా అతుక్కుంటుంది. బూరుల్ హుందాగా తన్నింది. చుట్ట కదల్లేదు.

"పసిబిడ్డని జోకొడుతున్నారా ఎజే? గట్టిగా!" అంది కనిమ్‌జాన్.

పంతంకొద్దీ కాలెత్తి తన్నింది. సబ్బునీళ్ళలో జారి వెల్లకిలా పడింది. అందరికంటే ముందు తనే నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దారి తప్పి ఏడుపైందని ఆమెకే కాస్త ఆలస్యంగా తెలిసింది.

"పోయిన వసంతంలో మా అమ్మ పోయింది," అంది నేలమీదే కూర్చుని. "నలభయ్యోరోజు విందు అవగానే డ్యూటీకెళ్ళా. తల్లి పోయిందని ఒకావిడొచ్చింది. ఏడవండి, ఆపుకోకండి అన్నా. ఎంత బాగా చెప్పానో, నాకే ముచ్చటేసింది! ఇంటికెళ్ళి, పులుసులో ఉప్పు తక్కువని మా ఆయన్ని తిట్టా. ఆ పులుసు వండింది నేనే."

కనిమ్‌జాన్ నోరు తెరవబోయింది.

"ఎలా అనిపిస్తోందని అడిగావంటే తన్నేస్తా తల్లీ."

"అడగను. లేవండి, వెనకంతా తడిసింది." ఆ అమ్మాయి తన కోటు తీసి ఆమెకు కప్పింది. "మీ అమ్మగారు బోర్సోక్ పిండిముక్కలు మెత్తగా వేయించేవారా, కరకరలాడేట్టా?"

"మెత్తగానా? పళ్ళూడేవి!"

అలా మొదలైన మాట భోజనానికి పిలిచినా ఆగలేదు. చెబుతూనే ఇద్దరూ ఆ చుట్టను తన్నారు. విప్పి చూస్తే, పువ్వు కావలసింది గుర్రం తొక్కిన బంగాళాదుంపలా ఉంది. బూరుల్ దాన్ని భద్రంగా సంచిలో పెట్టుకుంది.

నరిన్ తిరిగొచ్చాక తోటి కౌన్సెలర్లు ఇద్దరిని ప్రతి గురువారం ఉన్ని పనికి రమ్మంది. మొదటివారం ముగ్గురూ పక్కవాళ్ళు మొదలుపెడతారని మర్యాదగా ఎదురుచూస్తూ కెటిల్ టీ ఖాళీ చేశారు. చివరికి బూరులే ఉండబట్టలేక, "సరే, నేనే చెప్తా. మా ఆడపడుచుతో మొదలెట్టనా?" అంది.

ఆ రోజు ఉన్ని ఎవరూ ముట్టుకోలేదు.