యెమాంజా అంటే యముడు కాదు

మా తమ్ముడు సరుకుల ఓడలో పని చేస్తాడు. మా తాతలు రేవులో బస్తాలు మోశారు గాని ఓడ మీద ఉద్యోగం చేసింది మా ఇంట్లో వీడొక్కడే. పోయినసారి సెలవుకి బర్మాలో, తామ్వే పేటలోని మా ఇంటికి వచ్చినప్పుడు బ్రెజిల్‌లో కొన్న రంగుల బొమ్మ పటం ఒకటి తెచ్చాడు. నీలం బట్టలు కట్టుకున్న నల్లటి ఆవిడ, మోకాళ్ళ దాకా సముద్రం, చేతిలో గుండ్రటి విసనకర్ర. మొహంలో కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, రంగు నున్నగా పూసి వదిలేశారు. ఈ కాలం బొమ్మలు ఇలాగే ఉంటాయని నాకు పాఠం చెప్పబోయాడు. నేను బళ్ళో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పేదాన్ని. పోనీలే అని ఊరుకున్నాను.

అమ్మకు మాత్రం తెగ నచ్చింది. సముద్రంలో నిలబడింది కాబట్టి గంగమ్మే అనుకుంది. దేవుడి పటాల పక్కన మేకు కొట్టించి తగిలించింది. బొట్టు పెట్టబోతూ అడిగింది.

“ఈ యమ్మ పేరేటిరా?”

“యెమాంజా, అమే.” వాడు అమ్మను బర్మా వాళ్ళలాగే అమే అంటాడు.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ చెవిన పడింది మొదటి ముక్కే. మాది తెలుగు, బర్మీసు రెండు భాషల ఇల్లు, రెండింటిలోనూ యముడు యముడే.

“సముద్రం మీద తిరిగీవోడివి, యముడి పేరున్న బొమ్మ ఇంటికి తెత్తావేటి? ఈపాలి నువ్వు ఓడ ఎక్కొద్దు.”

మొదట నవ్వాను. అమ్మ అన్నం మానేసేసరికి నవ్వు పోయింది. వాడు ఎక్కకపోతే ఆ పని ఇంకొకడికి ఇచ్చేస్తారు. వాడు బ్యాగు సర్దడం, ఆవిడ విప్పి బట్టలు బీరువాలో పెట్టడం. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండింది.

ఆ బొమ్మ సంగతేమిటో ఫోనులో వెతికి చదివాను. వాడు బయలుదేరే రోజు పొద్దున్న అమ్మను దాని ముందు కూర్చోబెట్టాను.

“యముడు కాదమ్మా. ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కి ఓడల్లో బానిసలుగా తోలుకెల్లిన జనం మరిసిపోకుండా కొలుసుకున్న తల్లి. సేపలన్నీ ఆవిడి పిల్లలని ఆ పేరుకి అర్థమట. సముద్రం మీదకెల్లీవోల్లు ఆవిడికి పూలు వదుల్తారట.”

వాడి టాక్సీ కింద హారన్ కొడుతోంది. అమ్మ లేచి, కళ్ళు లేని ఆ మొహంలో నుదురు ఎక్కడుంటుందో అంచనా వేసుకుని బొట్టు పెట్టింది.

“సేపలు నీ పిల్లలే తల్లీ, నాను కాదన్ను. ఈడు మాత్రం నా పిల్లోడు. నీకాడ ఉంచీసుకోకు.”