కటింగ్ లేని అప్పు

2002 జూలై 29, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. చంద్రపూర్‌లోని ఒక బ్యాంకులో, రుణాల విభాగం ఎదుట ఉన్న బల్ల మీద సాయమ్మ కూర్చుని ఉంది. పక్కన కూతురు ఉజ్వల. సాయమ్మ చేతిసంచిలో రెండు దరఖాస్తులున్నాయి. ఒకటి ఉజ్వల ఇంజనీరింగ్ చదువుకు రుణం కోరేది. దాని మీద తల్లి సంతకం ఇంకా పడలేదు. రెండోది సాయమ్మ స్వచ్ఛంద పదవీ విరమణది. దాని మీద సంతకం అయిపోయింది. గని కార్యాలయంలో దాన్ని ఇవ్వడానికి గడువు ఎల్లుండి.

అప్పు చేయడం కన్నా ఉద్యోగం వదులుకోవడమే మేలని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది. కూతురు రెండు రోజులు అన్నం ముందు కూర్చుని తినకుండా లేవడంతో, ఒక్కసారి అడిగి చూడటానికి మాత్రం ఒప్పుకుంది.

సాయమ్మ పుట్టింది కరీంనగర్ జిల్లాలో. పదిహేడో ఏట పెళ్లయి బల్లార్‌పూర్ గని కాలనీకి వచ్చింది. భర్త రాజం బొగ్గు నింపే కార్మికుడు. 1988లో అతడు కామెర్లతో చనిపోయాడు. అప్పుడు ఉజ్వలకు నాలుగేళ్లు. భర్త స్థానంలో సాయమ్మకు దీపాల గదిలో పని ఇచ్చారు. గనిలోకి దిగే మనిషి తన ఇత్తడి బిళ్లను అక్కడ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు; పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. కొక్కెం మీద బిళ్ల ఉన్నంతసేపు దాని మనిషి భూమి కింద ఉన్నట్టే. చివరి బిళ్ల వెళ్లేదాకా సాయమ్మ గది విడిచేది కాదు. పద్నాలుగేళ్లలో ఈ పద్ధతి ఆమె స్వభావమైంది. ఒకరి వస్తువు తన దగ్గర ఉంటే, అది వాళ్ల చేతికి చేరేదాకా ఆమెకు నెమ్మది ఉండదు.

అప్పు అంటే ఆమెకు భయం ఉండటానికి ఇంకో కారణం కాలనీ అలవాటు. అక్కడ ఏ అప్పయినా జీతం నుంచే కోసుకుంటారు. పరపతి సంఘం బాకీ, పండుగ అడ్వాన్సు, కుట్టుమిషన్ వాయిదా, అన్నీ జీతం చేతికి రాకముందే పోతాయి. తెలుగువాళ్లయినా మరాఠీవాళ్లయినా దాన్ని కటింగ్ అనే అంటారు. కటింగ్ లేని అప్పు ఒకటి ఉండగలదని కాలనీలో ఎవరికీ తోచలేదు. పైగా పక్కింటి ఇస్తారి సంగతి అందరూ చూశారు. ఆయన ముగ్గురు తోటి కార్మికుల అప్పులకు హామీ సంతకం పెట్టి జమానత్ పడ్డాడు. ముగ్గురూ కట్టలేదు. ఆయన విరమణ సొమ్ములో చాలా భాగం ఆ బాకీలకే పోయింది. పదవీ విరమణ రోజున మెడలో పూలదండతో ఇంటికి వచ్చి, దాన్ని తీసి మేక ముందు వేశాడు. “తిను. దీనికొక్కదానికే కటింగ్ లేదు,” అన్నాడు.

ఉజ్వలకు నాగపూర్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది. నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి 1,60,000 రూపాయలు. సాయమ్మ చేతికి నెలకు వచ్చేది 6,100. ఆమె అంచనా ప్రకారం ఆగస్టు నుంచే వడ్డీతో కలిపి నెలకు 3,400 కోస్తారు. మిగిలినదానితో ఇల్లు నడవదు. ఆ ఏడాది గనిలో, ముందుగా విరమించే ఆడ కార్మికులకు ఒకేసారి సొమ్ము ఇస్తామని ప్రకటించారు. ఆ సొమ్ము చదువుకు సరిపోతుంది. తరువాత ఏం తినాలన్నది ఆమె లెక్కలో లేదు.

దీపాల గదిలో ఆమెతో పనిచేసే గంగవ్వ మాత్రం ఊరుకోలేదు. “నలభై ఏండ్లకే ఇంట్ల కూసుంటవా సాయమ్మా? పొద్దుగాల లేసి ఎవల దీపాలు తుడుస్తవ్, మీ బిడ్డ టేబుల్ లైటా?” అని అడిగింది.

రుణాల అధికారి ప్రహ్లాద్ తల్లీకూతుళ్లను లోపలికి పిలిచాడు. ఆయన మరాఠీలో మాట్లాడాడు. సాయమ్మ సగం మరాఠీ, సగం హిందీలో, కటింగ్ ఏ నెల నుంచి మొదలవుతుందని అడిగింది. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఉజ్వల వివరించింది. ఆయన నవ్వలేదు. ఒక తెల్లకాగితం మీద పొడుగైన గీత గీసి, దాని మీద నాలుగేళ్ల చదువును గుర్తించాడు. చదువు ముగిశాక ఒక ఏడాదికి, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు, ఏది ముందయితే అప్పటి నుంచి వాయిదాలు మొదలవుతాయని చెప్పాడు. అప్పటిదాకా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కట్టవలసింది ఉజ్వల. తల్లి జీతం నుంచి కోయమని గనికి తాము రాయబోమని కూడా చెప్పాడు.

సాయమ్మ కూతురి వైపు తిరిగింది.

“ఇగ నా పగార్ ముట్టరంటనా?”

“ముట్టరంట అవ్వా. నౌకరి వచ్చినంక నేను కట్టాలె.”

“నౌకరి దొరక్కపోతే?”

ఉజ్వల ఆ ప్రశ్నను మరాఠీలోకి మార్చడానికి వెనుకాడింది. సాయమ్మే అడిగింది. దరఖాస్తు మీద తల్లి సంతకం కూడా ఉంటుంది కనుక, కూతురు కట్టలేకపోతే తల్లిని అడుగుతామని ప్రహ్లాద్ చెప్పాడు. ఇప్పుడే తెలుసుకోవడం మంచిదని కూడా అన్నాడు. ఇక పని చెడిపోయిందని ఉజ్వల అనుకుంది.

ఆలోచించుకుని వస్తామని చెప్పి సాయమ్మ బయటికి నడిచింది. పొద్దుటి నుంచి పడుతున్న వాన తగ్గింది. బ్యాంకు పక్కనున్న టీ బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పింది. సగం గ్లాసు తాగింది.

“ఇస్తారన్న సంతకం పెట్టేనాడు గిట్ల ఎవ్వలన్న చెప్పిన్రా?” అంది. “చెప్తే ముగ్గురికి జమానత్ పడుతుండెనా? ఈ సారు ముందుగాల్నే చెప్పిండు.”

ఆమె మళ్లీ లెక్క వేసింది. నాలుగైదేళ్లదాకా ఎవరూ ఏమీ కోయరు. ఆ తరువాత కూతురికి ఇబ్బంది వస్తే ఆదుకునేది తన జీతమే. విరమణ దరఖాస్తు ఇస్తే ఆ జీతమే ఉండదు. కూతురిని కాపాడుతుందని ఆమె పది రోజులుగా మోస్తున్న కాగితం, అసలైన ఆసరానే తీసేస్తుంది. ఆమె దాన్ని సంచిలోంచి తీసి ఉజ్వల చేతికిచ్చింది.

“చింపు. నా సంతకం ఉన్నది, మంచిగ సన్నగ చింపు.”

“జరా థాంబ్ అవ్వా, జర ఆగు. ఇంకోపారి సోంచాయించు.”

“పదిదినాల సంది అదే పని. నిద్ర లేదు నాకు. చింపు.”

ఉజ్వల చింపింది. సాయమ్మ ఊపిరి వదిలి గోడకు ఆనుకుంది. ఆకలి వేస్తోందని, నిన్నటి నుంచి సరిగా తినలేదని అప్పుడు చెప్పింది. ఇద్దరూ రెండేసి ఆలూబోండాలు తిన్నారు. సాయమ్మ ఇంకో చాయ్ చెప్పించుకుంది. నాలుగు గంటల షిఫ్టుకు వేళకే చేరుతానని, గంగవ్వకు మాత్రం ఈ సంగతి రేపు చెబుతానని, ఈ రోజే చెబితే షిఫ్టంతా తన ముందు గొప్పలు పోతుందని అంది. ఉజ్వల నవ్వింది.

మళ్లీ లోపలికి వెళ్లేముందు సాయమ్మ ఒక షరతు పెట్టింది. హాస్టల్ ఖర్చు ఏడాదికి పది నెలలు, నెలకు 1,200 రూపాయలు. అది అప్పులో కలవకూడదు.

“అవి నెలనెలా నేను పంపుత. ఆ కటింగ్ నా చేతులతోని నేనే చేసుకుంట.”

ప్రహ్లాద్ దరఖాస్తు అందుకుని, అడిగిన 1,60,000ను ఎర్ర సిరాతో కొట్టివేసి, పైన కొత్త మొత్తం రాశాడు. తల్లీ కూతురూ దాని పక్కన సంతకం చేశారు.

1,12,000.