నోరాగారి తాతను నేను కనిపెట్టిన విధం

తప్పిపోయిన పిల్లల్ని వెతికిపెట్టినవాళ్లను లోకం మెచ్చుకుంటుంది. నేను తప్పిపోయిన తాతను వెతికిపెట్టి, ఓ పెద్దావిడ చేత ఊరుకాని ఊళ్లో ఎవరిదో గోడకు ముద్దు పెట్టించాను. నవ్వండి, ఫర్వాలేదు.

డెబ్బైల చివర్లో బోస్టన్‌లో నోరాగారనే ఐరిష్ ఆవిడ ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లం, నేనూ మా ఆవిడ సరళా. నోరాగారి తాత ప్యాట్రిక్ ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చాడు. కన్ను మూసేలోగా ఆయన పుట్టిన ఇల్లు చూడాలని ఆవిడ కోరిక. ఏ ఊరో మాత్రం తెలియదు. నేను ఇంజనీరుని. నాకు తెలియనిది ఒకటుంటుందని అప్పటికింకా తెలియదు. "నాకు వదిలెయ్యండి" అన్నాను.

శనివారాలు లైబ్రరీలో కూర్చుని పాత రికార్డుల మైక్రోఫిల్మ్ తిప్పాను. అమెరికా జనాభా లెక్కల్లో ఉన్న ప్యాట్రిక్ వయసు ఆయన సమాధి మీది పుట్టినరోజుతో సరిపోయింది. ఐర్లండ్ జననాల రిజిస్టర్లో మాత్రం పక్కపక్క ఊళ్లలో అదే పేరుతో ఇద్దరు తేలారు. ఒకడి తేదీ సమాధి రాయితో అచ్చంగా కలిసింది. రెండోవాడు రెండేళ్లు పెద్ద. మీరైతే మొదటివాణ్ణే పట్టుకునేవారు. అందుకే మీ దగ్గర ఇలాంటి కథ లేదు.

"రెండోవాడే" అని తేల్చాను.

"అదేంటండీ, డేట్ మ్యాచ్ అయినవాణ్ణి వదిలేస్తారా?" అంది సరళ.

"కాగితం మీద పుట్టినరోజు నిజమైన మనిషిని ఎక్కడైనా చూశావా? బళ్లో వేసినప్పుడు మా మేష్టారు నాకు రెండేళ్లు తగ్గించి జూలై ఒకటి అని రాశారు. మా క్లాసంతా జూలై ఒకటినే పుట్టింది! అంత సరిగ్గా కలిసిందంటేనే అనుమానించాలి."

"మీ మేష్టారు ఐర్లండ్‌లో కూడా పనిచేశారా?"

తాతకు దగ్గులు నేర్పొద్దన్నాను. నోరాగారికి ఏకంగా తాతనే నేర్పి విమానం ఎక్కించాను.

తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాం.

"ఇల్లు దొరికిందా?" అన్నాను ఛాతీ విరుచుకుని.

"దొరికింది. గడప మీద కూర్చుని ఏడ్చాను. గోడకు ముద్దు పెట్టాను. ఆ ఇంటివాళ్లు కూడా నాతోపాటు ఏడ్చి, టీ ఇచ్చి, ప్యాట్రిక్ ఫొటో చూపించారు."

"విన్నావా?" అన్నట్టు సరళ వైపు చూశాను.

"ఆ ప్యాట్రిక్ ముసలివాడై ఆ ఇంట్లోనే పోయాడట. ఓడెక్కడం అటుంచి, ఓడను చూడనేలేదట."

సరళ నా వైపు చూసింది. నేను సూట్‌కేసు వైపు చూశాను.

"తేదీ చెబితే వాళ్లే పక్క ఊళ్లో మా తాత ఇంటికి తీసుకెళ్లారు. పైకప్పు లేదు, గోడలున్నాయి. కానీ అప్పటికే ఏడుపంతా అయిపోయింది. ఒక్క చుక్క రాలేదు."

నాకు నిజంగా సిగ్గేసింది. ఆవిడ మాత్రం తేలిగ్గా అంది: "ఎంత మంచివాళ్లో! కుటుంబమంతా వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు."

"సంతోషం. ఎక్కడ దిగుతారు?"

"నీ దగ్గరే. నా బంధువులైతే నా ఇంట్లో దిగేవాళ్లు. వీళ్లు నువ్వు కనిపెట్టిన బంధువులు కదా!"

వచ్చారు. మా మంచం వాళ్లకిచ్చి, మేం వంటింట్లో పడుకున్నాం. మా పప్పు రుచి మరిగారు. నెల దాటినా కదల్లేదు. రోజూ పొద్దున్నే సరళ అడిగేది: "ఏవండీ, మీవాళ్లకి ఇంకో గ్లాసు బియ్యం పొయ్యనా?"

అడుగంటిన మా ఆవకాయ జాడీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరి తాతనూ వెతకను. ఎవరైనా మా తాతను వెతికిపెడతామన్నా సరే, వెంట ఎంతమంది వస్తారో ముందే అడుగుతాను.